గట్టిముడికి నూట నాలుగు తోకలు

మా ఆయన షూ లేసులు తయారుచేస్తారు. తప్పు, తయారుచేసేవారు. ఇంటి కింది గదిలో ఒకే ఒక్క అల్లిక యంత్రం పెట్టుకుని, పందొమ్మిదేళ్లపాటు ‘గట్టిముడి’ అనే పేరుతో అమ్మారు. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించి, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, మా పెళ్లి ఫోటో దింపి ఆ మేకుకే తగిలించారు. మనిషి ఎలాంటివారో ఈ ఒక్క ముక్కతో మీకు అర్థమైపోవాలి.

పోయినేడు ఆయనకో మెయిల్ వచ్చింది. ఇంటర్నెట్‌లో పేరు చివర డాట్ కామ్ లాంటి తోకలు ఇన్నాళ్లూ కొన్నే ఉండేవట. ఇకమీదట వందల కొద్దీ కొత్త తోకలట. ఏ తోక తెరిచినా మొదటి ముప్పై రోజులు ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లకే అవకాశం. ఆ తర్వాత దారిన పోయేవాడెవడైనా ‘గట్టిముడి’ని తన పేరున రాయించుకోవచ్చు. అది చదివాక మా ఆయనకు ముద్ద దిగలేదు.

“ఎవడో మన పేరు పెట్టుకుని నాసిరకం లేసులు అమ్మితే నా గతేం గానే?”

దంతవైద్యుల కోసమని ఒక తోక తెరిచారు, అందులో ‘గట్టిముడి’ని ఈయన తీసుకున్నారు. ప్లంబర్లది తెరిచారు, అదీ తీసుకున్నారు. ఒకరోజు గుర్రాల తోక అన్నారు.

“గుర్రాలకు లేసులెందుకండీ?”

“నాలుగు కాళ్లు కదే! ఎప్పుడో ఒకప్పుడు బూట్లు తొడక్కపోతారా?”

చాల్లెండి సంబడం అన్నాను. వింటేగా!

యంత్రం నడిపే ఆవిడను మేమంతా మెషీనక్క అంటాం. ఆమెను కూడా యంత్రం ముందు నుంచి లేపి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఏ తోక ఎప్పుడు తెరుస్తారో కాపలా కాయడమే ఆమె కొత్త ఉద్యోగం. యంత్రం మీద నా మంచి దుప్పటి కప్పారు.

“మరి లేసులో అన్నా?” అంది మెషీనక్క.

“ముందు పేరు నిలబడనీ. లేసులెక్కడికి పోతాయి?”

అలా నూట నాలుగు తోకలయ్యాయి. అప్పుడు తెరిచారు అసలుది, షూల తోక. నిజం చెప్పొద్దూ, ఈసారి నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా పని షూలతోనే కదా, అది పోతే మిగతా నూట నాలుగూ ఎందుకు?

దరఖాస్తుకు జవాబొచ్చింది. సరుకు అమ్ముతున్నామని మొదట్లో మేమిచ్చిన రుజువుకు గడువు తీరిందట. ఈ పేరుతో ఇప్పటికీ సరుకు అమ్ముతున్నట్టు, షాపులో వేలాడే ప్యాకెట్ ఫోటో పంపాలట. మెషీనక్క సర్కస్‌ల తోక హడావుడిలో పడి ఆ మెయిల్ చూసేసరికి ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రం అయిదింటిదాకా టైము.

ఇల్లంతా వెతికాం. ఒక్క ప్యాకెట్ ఉంటే ఒట్టు! వీధి చివరి షాపాయన దగ్గరికి పరిగెత్తాం.

“వ్యాపారం ఎత్తేశారనుకున్నానండీ. ఏడాదిగా మీ సరుకే లేదు కదా” అన్నాడాయన.

ఇంటికొచ్చి దుప్పటి లాగేశాం. దారాలన్నీ చెమ్మ పట్టి పాడైపోయాయి. ఏరగా ఏరగా ఒక్క జతకు సరిపడా దొరికింది. మధ్యాహ్నానికి మెషీనక్క అది అల్లింది, నేను లేబుల్ అతికించాను. ఈయన దాన్ని రెండు చేతులతో మోసుకెళ్లి షాపులో కొక్కేనికి తగిలించారు. షాపు బోర్డు కూడా ఫోటోలో పడాలని వెనక్కి వెనక్కి నడుస్తూ రోడ్డు దాటేశారు.

ఈలోగా ఒక పెద్దావిడ వచ్చి ఆ జత కొనుక్కుపోయింది.

“చూశారా, పెట్టీ పెట్టగానే పోయింది!” అని షాపాయన మురిసిపోయాడు.

నా తల్లే! ఇద్దరం పడుతూ లేస్తూ ఆవిడ వెంట పరిగెత్తాం. బస్‌స్టాపు బెంచీ మీద దొరికింది. అప్పటికే లేసులు షూలకు ఎక్కించేసింది. లేబుల్ ముక్కలై చెత్తబుట్టలో ఉంది.

“అమ్మా, ఆ గట్టిముడి...” అన్నారీయన, రొప్పుతూ.

“ఏ ముడి?”

“మీరు కొన్న లేసులమ్మా. వాటి పేరు.”

“పేరు నాకేం తెలుసు బాబూ? ఎర్ర గీతవి ఇవ్వమని అడుగుతాను. పదిహేనేళ్లుగా అవే కడుతున్నా. ఏడాదిగా దొరక్క చచ్చాననుకో. వేరేవి కట్టుకుంటే ముడి ఊడి మెట్ల మీద పడబోయాను.” ఆవిడ పాదం ముందుకు చాపింది. “ఇదిగో, ఇప్పుడు హాయిగా ఉంది.”

మా ఆయన వంగి ఆ ముడిని వేలితో లాగి చూశారు.

“ఇంకో జత కావాలామ్మా?” అన్నారు.

“రెండివ్వు. మా చెల్లెలికీ కావాలి.”

అయిదు దాటిపోయింది. ఇన్నాళ్లూ తిట్టిపోసిన నేనే వంటింట్లో కూర్చుని భోరున ఏడ్చాను. ఆయన మాత్రం కొత్త దారం కొనుక్కొచ్చి, యంత్రం ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని తుప్పు గీకుతున్నారు.

వారం తర్వాత మెయిల్ వచ్చింది. షూల తోకలో ‘గట్టిముడి’ని ఎవరో తీసేసుకున్నారని మెషీనక్క పైకి చదివింది.

“వాడి చేతులు పడిపోను!” అన్నాను నేను.

ఆయన కండెకు దారం చుడుతూ తలైనా ఎత్తలేదు.

“పోనీలేవే. వాడికి లేసులు అల్లడం రాదుగా.”