నేను రాసిన బోర్డు

జర్మనీవాడితో యుద్ధం వచ్చాక, జనం ఇళ్లలోంచి రేడియోలో దొంగచాటుగా మాటలు పంపకుండా, పోలీసు కాగితం లేనిదే రేడియో సామాను అమ్మకూడదన్నారు. నరసరావుపేటలో రేడియో కొట్టు షావుకారు ఆ సంగతి బోర్డు మీద రాసిపెట్టమంటే, బడిపంతుల్ని కదా, గుండ్రటి దస్తూరీతో రాసిచ్చాను. "ఎంతటివారైనా సరే" అని నా సొంత పైత్యం కూడా చేర్చాను.

ఈ రోజు మా రేడియో లోపల బల్బులాంటి గాజు వాల్వు కాలిపోయి, రేడియో మూగబోయింది. కొట్టుకెళ్తే షావుకారు ఆ బోర్డు వైపు వేలు చూపించాడు. స్టేషనుకెళ్తే, సంతకం పెట్టాల్సిన ఇన్‌స్పెక్టరు గురజాల క్యాంపులో ఉన్నారు.

ఉసూరుమంటూ వస్తుంటే పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే కారంపూడి బస్సు మెకానిక్కు కోటయ్య ఎదురయ్యాడు. ఇంట్లో దొంగ రేడియో పెట్టి మాటలు పంపుతాడని ఊరంతా చెప్పుకునేది ఇతని గురించే. నా గోడు విని, పనిముట్ల సంచిలోంచి గుడ్డలో చుట్టిన వాల్వు తీశాడు.

"కాయితం లేకుండా ఎట్టా కొన్నావయ్యా?"

"కాయితం అడిగే కొట్టుకి నేనెందుకు పోతా పంతులుగారూ? ఆ బోర్డు చదివేది మీబోటోళ్లే."

నాలుగు నీతులు చెబుదామనుకుంటూనే వాల్వు పుచ్చుకున్నాను. ఇప్పుడు తలుపు గడియ పెట్టి, సౌండు తగ్గించి వార్తలు వింటున్నాను. ఆ బోర్డుకు జడిసినవాణ్ని ఊళ్లో నేనొక్కణ్నే. మీ ఊళ్లో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నాకు తోడుంటారు.