పెద్దమ్మ ఒక్కపొద్దు, గూకని పొద్దు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు చాలా ఉండేవి గానీ, తెలియవన్న సంగతి కూడా తెలియకపోవడం వల్ల హాయిగా ఉండేవాణ్ణి. సిరిసిల్లలో మా నాన్న మరమగ్గాల చప్పుడు తప్పించుకోవడానికి కోరుట్లలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరాను. గల్ఫ్ టికెట్లు, కాశీయాత్రలు మా పని. ఒక ఎండాకాలం మా సేటుకు కొత్త ఆలోచన వచ్చింది. జగిత్యాల, కోరుట్లల నుంచి ఓ పదిమందిని పోగేసి, ఐస్‌లాండ్‌కు కూడా పైన, ఉత్తర ధ్రువం వైపున్న ఒక అగ్నిపర్వతపు దీవి చుట్టూ ఓడలో తిప్పి తెచ్చే పని నాకు అప్పగించాడు. (అప్పటికి నేనెక్కిన పడవ ఒక్కటే, మానేరులో, అదీ ఒడ్డుకు కట్టేసి ఉండగా.) ఆ పదిమందిలో సేటు వాళ్ళమ్మ కూడా ఉంది. ఆఫీసులో అందరికీ ఆమె పెద్దమ్మే. "మా అమ్మకు షుగరుంది. టైముకు తినబెట్టాలె. ఏమన్న అయితె నువ్వు మల్ల కోరుట్ల రాకు" అని సేటు శాంతంగా చెప్పాడు.

దీవి అంటే నల్లటి రాళ్ళు, మంచు, నడుమ ఆకాశం దాకా లేచిన కొండ. మైకు పట్టుకున్న గైడు మేడం ఆ కొండ కడుపులో ఇంకా నిప్పుందని చెబుతుంటే, మావాళ్ళు సకినాలు నములుతూ మరి పొగ రాదేమని నన్ను నిలదీస్తున్నారు. పెద్దమ్మ మాత్రం ఏమీ ముట్టలేదు. ఆరోజు శనివారం, ఆమెకు ఒక్కపొద్దు. పొద్దు గూకాకే ముద్ద. పెళ్ళయిననాటి నుంచీ తప్పని నియమం. అది జూన్ నెల. రాత్రి భోజనాల వేళ కూడా దాటిపోయింది గానీ, సూర్యుడికి ఇంటికి పోవాలన్న ధ్యాసే లేదు. పొద్దెప్పుడు గూకుతుందని గైడు మేడంను అడిగాను. ఆగస్టులో అని చిరునవ్వుతో చెప్పింది.

పెద్దమ్మ చేతులు వణకడం మొదలైంది. కోరుట్లలో ఎప్పుడో చీకటి పడిందని ఫోన్‌లో గడియారం చూపించాను.

"కోరుట్లల గూకితె కోరుట్లోల్లు తింటరు. నేను ఈడున్న గద" అంది.

నాకు నిజంగా భయమేసింది. ఉద్యోగం గురించి కొంత, ఆమె గురించి ఎక్కువ. గైడు మేడం దగ్గరికి పరుగెత్తి నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టాను. ఆమె శ్రద్ధగా విని, కెప్టెన్ దగ్గరికి వెళ్ళొచ్చి, సూర్యుడు కొండ వెనక్కి పోతే సరిపోతుందా అని అడిగింది. (అక్కడ శాస్త్రం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆమె నమ్మకం.) సరిపోతుందని తీర్పిచ్చాను. ఓడ దీవిని చుట్టుకుని వెళ్ళి కొండ నీడలో ఆగింది.

డెక్కు మీద మసక కమ్మింది. పెద్దమ్మ లేచి కొండకు దండం పెట్టి, డబ్బాలోని పులిహోర తినడం మొదలుపెట్టింది. ఓడలోని తెల్లవాళ్ళంతా టోపీలు తీసి మౌనంగా నిలబడ్డారు. టూరులో ఇదీ ఒక భాగమనుకున్నారు కాబోలు. నేను గెలిచాననుకున్నాను. ఆమె చెయ్యి కడుక్కునేసరికి ఓడ కదిలి నీడ దాటింది, సూర్యుడు నిగనిగలాడుతూ ఎదురొచ్చాడు. పెద్దమ్మ కళ్ళు చిట్లించి చూసింది.

"తెల్లారింది. ఇగ ఆదివారమే. చాపలు దెమ్మను" అంది.

పళ్ళెం వచ్చాక దాన్ని నా ముందుకు తోసింది. "గుట్ట సాటుకు వోతె పొద్దు గూకినట్టా కొడుకా? పొద్దుగాల్నుంచి నువ్వు గూడ ఏం తినలే. నేను తింటె గని తినేటట్టు లేవని తిన్న" అంది మెల్లగా.

నేను తినలేదన్న సంగతి నాకే గుర్తులేదు. తలెత్తకుండా పళ్ళెం ఖాళీ చేశాను. ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది. పెద్దమ్మ లేదు. ఓడనంతా తిప్పి ఆమెను ఏమార్చానని మురిసిపోయిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. వాడి ఆకలి కోసం ఆమె పెళ్ళినాటి ఒక్కపొద్దును విడిచిపెట్టింది. వాడు మాత్రం మూతి తుడుచుకుని, చేపలో ఉప్పు తక్కువైందన్నాడు.