ఇరవై రోజుల జాకెట్టు

తడిపి ఆరేసిన లైనింగ్ గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆన్చగానే ఒక వాసన లేస్తుంది. ఆవిరి, గంజి, కొద్దిగా వేడెక్కిన నూలు కలిసిన వాసన. తిరుపతిలో అలిపిరి వైపు పోయే బస్సుల మోత మధ్య నా దుకాణం తెరవగానే నేను చేసే మొదటి పని ఆ ఇస్త్రీయే. ఆ వాసన ముక్కుకు తగలగానే చిత్తూరులో కాణిపాకం బస్సులు ఆగే చోట ఉన్న ఇరుకు దుకాణం, అందులో కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని మిషను తొక్కుతున్న సుగుణక్క కళ్లముందుకొస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది. నేను కుట్టు నేర్చుకున్నది ఆమె దగ్గర కాదు. కుట్టు నాకు ముందే వచ్చు. నేర్చుకున్నది వేరే.

సుగుణక్క పొట్టిగా, లావుగా ఉండేది. గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. ఆదివారం చర్చికి, తక్కిన ఆరు రోజులూ మిషనుకు అంకితం. చిత్తూరులో అంత చక్కగా జాకెట్టు కుట్టేవాళ్లు లేరని అందరూ ఒప్పుకునేవారు. చెప్పిన రోజుకు ఏనాడూ ఇవ్వదని కూడా అందరూ ఒప్పుకునేవారు. వెనకాల ఆమెను ‘రేపు సుగుణమ్మ’ అనేవాళ్లు. అది ఆమె చెవిన పడినా నవ్వి ఊరుకునేది. నేను పలమనేరులో పని నేర్చుకుని, పెళ్లయి చిత్తూరు వచ్చి, ఇరవై తొమ్మిదో ఏట ఆమె దగ్గర చేరాను. లైనింగ్ జాకెట్టు రెండు గంటల్లో కుట్టి హుక్కులతో సహా చేతిలో పెట్టగలను. ఆ మాట కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పట్లో నా వేగం చూసి సుగుణక్క నన్ను నెత్తిన పెట్టుకోవాలని నా ఆశ.

ఆమెకో పట్టింపు ఉండేది. కొలతకని పాత జాకెట్టు పంపితే తీసుకునేది కాదు. నేను చేరిన వారంలోనే ఒకాయన భార్య జాకెట్టును కవర్లో చుట్టి తెచ్చి, దీని ప్రకారం కుట్టమన్నాడు. సుగుణక్క ఆ కవరు విప్పి కూడా చూడలేదు.

“పాత జాకెట్టుకు నోరుంటాదా అప్పా? మనిషిని రమ్మని సెప్పు” అంది.

“ఆమెకు ఇంట్లో పని ఉండాదమ్మా.”

“నాకూ పని ఉండాది. మనిషి వస్తేనే గుడ్డ కోసేది.”

నాకది చాదస్తంగా తోచింది. దుకాణం వెనక చిన్న గది ఉండేది. ఒక అద్దం, గోడకు మేకు, లోపలివైపు గడియ. దానికి పెరటి సందులోకి ఇంకో తలుపు. వచ్చిన ఆడవాళ్లను సుగుణక్క ఆ గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టేది. వెంట వచ్చిన మొగుడైనా అత్తయినా బయట బల్ల మీద కూర్చోవాల్సిందే. జాకెట్టు కొలతలంటే ఎవరూ మాట్లాడరు. ఎంత కట్టడిలో ఉన్న ఇంటి ఆడదైనా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా తలుపేసుకోగలిగిన చోటు, ఆ చుట్టుపక్కల వీధులన్నిటికీ అదొక్కటే. ఇది అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఒకసారి ఆ గదిలో ఆమె కొలతలు చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. వచ్చినామె భుజం వెనక నాలుగు వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. సుగుణక్క టేపు ఆపలేదు. “ఇది యాడ తగిలింది తల్లీ?” అని మామూలు గొంతుతో అడిగింది. “వాకిలి తగిలింది” అందామె. “సరే” అని సుగుణక్క నడుము కొలత తీసుకుంది. అంతకు మించి ఒక్క ముక్క అడగలేదు. పోయేటప్పుడు మాత్రం, “శుక్రవారం రా. సేతి లూజు మళ్లొకతూరి సూసుకోవాల” అంది. చేతి లూజులో ఏ తేడా లేదు, ఆ అంకె రాసుకున్నది నేనే. ముసలామెకు చూపు తగ్గిందనుకున్నాను.

రేవతి కూడా అలాగే వచ్చింది. ఇంటరు చదివిన పిల్ల, నాలుగేళ్ల కూతురిని చంకనేసుకుని వచ్చేది. మొగుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. చూస్తే ఎవరైనా మంచివాడనే అంటారు. మరిది నిశ్చితార్థానికి కట్టుకునే చీర మీదికి జాకెట్టు. అత్తే దగ్గరుండి పంపింది. సుగుణక్క గుడ్డ కోసి, కచ్చా కుట్లు వేసి పెట్టి, రేవతిని ఐదుసార్లు తిప్పింది. చంక కాడ పట్టేస్తాందని ఒకసారి, మెడ దిగిందని ఒకసారి, దారం రంగు కుదరలేదని ఇంకోసారి. ఎండలో బిడ్డనెత్తుకుని వచ్చిపోయే ఆ పిల్లను చూస్తే నాకు జాలి, సుగుణక్క మీద ఒళ్లుమంట.

ఇరవయ్యో రోజున సుగుణక్క కళ్లు చూపించుకోడానికి వేలూరు పోయింది. నాకు అదే సందు. మధ్యాహ్నం కూర్చుని రేవతి జాకెట్టు కుట్టేశాను. ఎక్కడా ముడత లేకుండా వచ్చింది. మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే, రెండు వీధుల అవతలున్న వాళ్ల ఇంటికి నేనే తీసుకుపోయాను. రేవతి అత్త అరుగు మీద శెనక్కాయలు వలుస్తోంది.

“అత్తా, ఇదో మీ కోడలి జాకెట్టు. ఇంగ ఆ పిల్ల ఎండలో తిరగాల్సిన పని లేదు” అన్నాను.

“ఇప్పటికయిందా? ఇరవై దినాలు కుట్టినారే!”

“నేను కూర్చుంటే రెండు గంటల పని అత్తా. నిన్న మధ్యాన్నం కూర్చున్నా, లేసినా, అయిపోయినాది.”

ఆమె చేతులు ఆగిపోయాయి. “రెండు గంటల పనా?” అని నన్ను కాదు, వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డ రేవతిని అడిగింది. “మరి ఇన్ని దినాలు యాడికి పోయి వస్తాండావు నువ్వు?”

రేవతి ముఖంలో రంగు పోయింది. నేను చూశాను. అత్త కసిరిందని చిన్నబోయిందనుకుని, నా పనితనం చూపించుకున్న సంతోషంలో చేతులూపుకుంటూ వచ్చేశాను.

ఆ సాయంత్రం ఏం జరిగిందో మర్నాడు ఉదయం ఆ వీధిలో పూలమ్మే ఆమె చెప్పింది. మొగుడు ఇంటికి రాగానే తల్లి ఆ రెండు గంటల మాట చెప్పిందట, వాడు తలుపేసి కొట్టాడట. ముందు రాత్రే వేలూరు నుంచి తిరిగొచ్చిన సుగుణక్క అది విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అలమారులోంచి పాత బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు మూత తెరిచింది. అందులో రేవతి ఆధార్ కార్డు, ఇంటరు మార్కుల లిస్టు, బిడ్డ టీకాల కార్డు ఉన్నాయి.

“గూడూరులో ఆయమ్మ అక్క ఉండాది. ఆడికి పోవాలని ఒక్కొక్క కాగితం గుడ్డలో సుట్టుకొని తెచ్చి నాకిస్తాండాది. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు ఒక్కటే మిగిలింది. నువ్వు పోయి రెండు గంటల పనని సెప్పి వచ్చినావు” అంది.

“నాకెందుకు చెప్పలేదక్కా?” అని ఏడ్చేశాను.

“నువ్వు గొప్పలు సెప్పుకుంటావని బయపడినా. సెప్పకపోయింది నా తప్పే. ఏడ్సేదానికి తర్వాత టైముండాది, సెప్పులేసుకో.”

బయలుదేరేముందు ఆమె వార్డు సచివాలయంలోని మహిళా పోలీసుకు ఫోన్ చేసింది. దుకాణం వెనక పెరటి సందు వైపు వచ్చి ఆగమంది. “ఆ పిల్ల పోతానంటేనే. లేదంటే నువ్వు వచ్చినట్టు కూడా ఎవురికీ తెలియకూడదు” అని గట్టిగా చెప్పింది. నేను వెంటనే స్టేషనుకు పోదామన్నాను. వద్దంది. ముందు రేవతిని ఆ ఇంట్లోంచి బయటికి తేవాలి, అదీ ఆ ఇంటివాళ్ల సమ్మతితోనే తేవాలి అంది.

రేవతి ఇంటి ముందు వీధిలో నిలబడి సుగుణక్క గొంతెత్తింది. జిల్లాలో తనంత పనిమంతురాలు లేదని గర్వం ఉన్న మనిషి, తన దుకాణం పరువు తనే వీధిలో పెట్టింది. “యమ్మా, మోసం జరిగిపోయింది! నేను ఊర్లో లేనప్పుడు ఇది సేతగాని కుట్టు కుట్టి మీకిచ్చి పోయిందంట. ఆ జాకెట్టు వేసుకొని నలుగురిలో సెయ్యెత్తితే చంక కాడ పిగిలిపోతాది. వియ్యంకులోళ్ల ముందర మీ ఇంటికే కదా అవమానం!” అని నా వైపు తిరిగి, “సెప్పవే, నోరు పడిపోయిందా?” అంది.

చుట్టూ అరుగుల మీద జనం చూస్తున్నారు. “నాకు సరిగా కుట్టను రాదత్తా. రెండు గంటల్లో అయ్యే పని కాదది. గొప్పకు చెప్పినాను” అన్నాను. ఆ మాటలు అంటుంటే చెవులు కాలిపోయాయి. అత్తకు నమ్మకం కుదిరిందో, వియ్యంకుల భయం పట్టుకుందో గానీ, “కొలతకు పంపిస్తా. నేనూ వస్తా” అంది. రేవతి ఆ జాకెట్టును మడత విప్పకుండా గుండెకు ఆనించుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని మా వెంట నడిచింది. పెదవి చిట్లి ఉంది. ఎవరమూ ఆ వైపు చూడలేదు.

దుకాణంలో అత్త బల్ల మీద కూర్చుంది. మేం వెనకగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాం. రేవతి జాకెట్టు మడత విప్పింది. లోపల బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు ఉంది. సుగుణక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని మెల్లగా అడిగింది: “ఈ దినమే పోతావా, ఇంకొన్నాళ్లు సూస్తావా? ఏది సెప్పినా సరే తల్లీ.”

నేను ఉండబట్టలేక, “పో రేవతీ, ఇంకేం చూసేది!” అన్నాను. సుగుణక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. “నువ్వు ఊరికే ఉండు. ఆ ఇంట్లో ఎప్పుడేమవుతాదో ఈ బిడ్డకు తెలుసు, నీకు తెలీదు” అంది. రేవతి సర్టిఫికెట్టును మడిచి సుగుణక్క చేతిలో పెట్టింది. తర్వాత, “ఈ దినమే పోతానక్కా” అంది.

నన్ను బయటికి పంపారు. అత్తను కదలనీయకుండా చూడటం నా పని. “మీరూ ఒక జాకెట్టు కుట్టించుకోండత్తా, నిశ్చితార్థానికి” అన్నాను. ఆమె ముందు వద్దంది, తర్వాత మెడ డిజైన్ల పుస్తకం ముందుకు లాక్కుంది. తెర లాగి కొలతలు మొదలుపెట్టాను. భుజం రెండుసార్లు కొలిచాను. వెనక మెడ నాలుగా నాలుగున్నరా అని వాదం పెట్టుకున్నాను. చెయ్యి పొడవు తప్పు రాశానని కొట్టేసి మళ్లీ కొలిచాను. రెండు గంటల్లో జాకెట్టు కుట్టే నేను ఒట్టి కొలతలకు ముప్పావు గంట తీసుకున్నాను. వెనక పెరటి తలుపు చప్పుడైనప్పుడు టేపు చేతిలోంచి జారింది. వంగి తీసుకోవడానికి కూడా వీలైనంత ఆలస్యం చేశాను.

చివరికి సుగుణక్క ఒక్కతే బయటికొచ్చింది. దాచే ప్రయత్నం ఏమీ చేయలేదు. “మీ కోడలు బిడ్డను తీసుకొని పోయినాది. ముందు ఆసుపత్రికి, అట్నుంచి స్టేషనుకు. పంపించింది నేనే. అడిగేదేమన్నా ఉంటే నన్ను అడగండి” అంది. అత్త శాపనార్థాలు పెడుతూ పోయి, గంటలో కొడుకును తీసుకొచ్చింది. ఆ మెత్తటి మాటల మనిషి గొంతు అప్పుడు విన్నాను. నేను షట్టరు దించబోయాను. సుగుణక్క దించనివ్వలేదు. మిషను ముందు కూర్చుని, “ఆడవాళ్లు కొలతలిచ్చే తావ ఇది. మొగోళ్లు లోపలికి రాకూడదు. ఆడనే నిలబడి సెప్పప్పా” అంది. వాడు తలుపు పక్క అద్దం పగలగొట్టాడు. ఈలోగా పూలామె వచ్చింది, గాజుల కొట్టామె వచ్చింది, సుగుణక్క దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఎవరూ లేచి పోలేదు. స్టేషను నుంచి జీపు వచ్చేదాకా వాడు గడప దాటలేకపోయాడు.

రేవతి గూడూరు చేరింది. కేసు నడిచింది, చాలాకాలమే నడిచింది. ఇప్పుడామె అక్కడి స్కూల్లో ఆయాగా పనిచేస్తోంది, కూతురు అదే బడిలో చదువుతోంది. పండగలకు ఫోన్ చేస్తుంది.

గొడవంతా సద్దుమణిగిన కొన్ని వారాలకు, గుండెల్లో నలుగుతున్న మాట సుగుణక్కను అడిగేశాను. “ఆ పొద్దు రేవతికి తగిలిన దెబ్బలు నా వల్లే కదక్కా?” కాదని అంటుందని, తల నిమురుతుందని ఎంతో ఆశపడ్డాను. ఆమె దారం కొరికి, సూదిలో ఎక్కించుకుని, అప్పుడు చెప్పింది.

“అవును, నీ వల్లే. కొట్టింది మాత్రం వాడు. ఒకటి గుర్తు పెట్టుకొని ఇంకొకటి మరిసిపోవద్దు.”

అంత నిక్కచ్చిగా నాతో ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ మాటకు ఆ రోజు ఏడ్చాను, తర్వాత అదే నన్ను నిలబెట్టింది. సుగుణక్క పోయాక తిరుపతిలో నా దుకాణం వెనక కూడా గడియ ఉన్న గది ఒకటి కట్టించాను. అందులో నిలబడి ఎవరైనా “వాకిలి తగిలింది” అన్నప్పుడు నాకు భయం వేయదు, తొందరా పుట్టదు. ఏం చేయాలో తెలుసు, ఏం వాగకూడదో అంతకంటే బాగా తెలుసు. రేవతిని మాత్రం నేను ఇంతవరకూ క్షమాపణ అడగలేదు. అడిగితే “పోనీలే అక్కా” అనేస్తుంది, ఆమె మనసు అలాంటిది. ఆమె చేత ఆ మాట అనిపించుకుని తేలికపడటం నాకిష్టం లేదు.