ఖాళీ వరుసలు మింగిన ఎండ రోజులు

నా ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లు ఉండగా, ఒక ఏప్రిల్ మొదట్లో నన్ను పోర్ట్ బ్లెయిర్‌లోని మా గణాంకాల కార్యాలయంలో వర్షపాతం విభాగానికి మార్చారు. హోదా స్టాటిస్టికల్ ఆఫీసర్. పేరు గొప్పగానే ఉంటుంది. చేసేది మాత్రం దీవుల్లో ఎక్కడ ఎంత వాన కురిసిందో పట్టికలు కట్టి, అడిగిన శాఖలకు పంపడం. అప్పటిదాకా పశువుల లెక్కలు చూసేదాన్ని. మేకల వెంట పడడం కన్నా వాన లెక్క హాయి అనుకున్నాను.

పని జరిగే తీరు ఇది. ఒక్కో కేంద్రంలో ఒక వర్షమాపకం ఉంటుంది: పైన గరాటు, కింద సన్నటి మూతి సీసా. పరిశీలకుడు రోజూ పొద్దున్నే సీసాలో నీళ్లు కొలిచి, ఆ అంకెను కంప్యూటర్లో ఎక్కిస్తాడు. అది సీఎస్‌వీ ఫైలుగా మాకు వస్తుంది. అందులో ఆడంబరమేమీ ఉండదు. రోజుకో వరుస, వరుసలో వివరాల మధ్య కామాలు. తేదీ వేసే అలవాటు లేదు. మొదటి వరుస ఒకటో తేదీది, రెండోది రెండో తేదీది, అంతే. ఆ వరుసలను చదివి విడగొట్టే ప్రోగ్రామును పార్సర్ అంటారు. మా పార్సర్‌ను రాసింది ప్రభాకర్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, తను ఇక్కడి చౌల్దారీలోనే పుట్టాడు. తెలివైనవాడే. తన ప్రోగ్రామును ఎవరైనా ఒక మాటంటే మాత్రం ముఖం ముడుచుకునేవాడు.

నెలాఖరులో మాయాబందర్ దగ్గరి పల్లె నుంచి సింహాచలమ్మ అనే రైతు ఫోన్ చేసింది. వరి కోతలయ్యాక ఆమె మిరప, వంగ వేస్తుంది. బావి అడుగంటింది, మిరప పూత మీద ఉంది. వరుసగా రెండు వారాలు వాన లేదని మా విభాగం ధ్రువీకరిస్తే గాని ఊరికి నీళ్ల ట్యాంకర్ రాదు. ఆమె పెట్టుకున్న అర్జీ ‘వర్షం నమోదైనది’ అనే మాటతో తిరిగి వెళ్లింది.

“మీ కంప్యూటర్లో వాన పడతందంట గదా మేడమ్, ఓ రెండు బిందెలు ఇటు పంపించండి. మా కాడ మబ్బు ముక్క నేదు” అంది.

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. రెండు మూడు రోజుల్లో తడి అందకపోతే పూతంతా రాలిపోతుందనీ, ఈ ఏడాదికి ఇంక చేతికొచ్చేది ఏమీ ఉండదనీ చెప్పింది. వెంటనే మాయాబందర్ కేంద్రం లెక్క తీయించాను.

తెర మీద చూస్తే ఒకటి, రెండు, మూడు తేదీల్లో వరసగా వాన. ఆ తర్వాత ‘వివరాలు అందలేదు’. నాకు అనుమానం వచ్చి, పార్సర్ చూపించేది కాకుండా అసలు ఫైలు తెరవమని ప్రభాకర్‌కు చెప్పాను. తెరిస్తే, వాన అంకెల మధ్య అక్కడక్కడా ఖాళీ వరుసలు. చివరి అంకె తర్వాత వరసగా అన్నీ ఖాళీలే. పార్సర్ ఖాళీలన్నిటినీ దాటేసింది. మధ్యలోవి పోవడంతో వానలు ముందుకు జరిగి ఒకదాన్నొకటి అంటుకున్నాయి. చివరివి పోవడంతో రెండు వారాల ఎండ పత్తా లేకుండా పోయింది.

ప్రభాకర్ వెంటనే వాదనకు దిగాడు. “ఖాళీ లైన్ దాటేయడం దునియా మొత్తం దస్తూర్ మేడమ్, అందరూ చేసేదే. ఫైల్ చివర్లో ఊరికే నాలుగు మిగిలిపోతాయి. వాటికి ఆగిపోతే రోజూ మీరే నన్ను తిడతారు.” నేను తిట్టే మాట నిజమే.

మాయాబందర్‌లో పరిశీలకుడు అప్పారావు. ఫోన్ చేసి ఏమిటీ ఖాళీలని అడిగితే అతను నా మీదే విరుచుకుపడ్డాడు. “కుఛ్ గిరా హీ నహీ, చుక్క పడకపోతే ఏం రాయమంటారు మేడమ్? ముందు ‘నిల్’ అని కొడితే మీ మెషీన్ గలత్ హై అని వాపస్ కొట్టేసింది. అందుకే ఖాళీ వదిలేశాను. ఖాళీ అంటే నిల్లే కదా!”

సర్కారు ఉద్యోగంలో చెప్పడానికేమీ లేకపోతే, ఏమీ లేదని చెప్పడానికి ‘నిల్’ అని రాయాలి. అది మా రక్తంలో ఉంది. ప్రభాకర్ పార్సర్‌కు వాన వివరం ఉండే గడిలో అంకెలు తప్ప ఇంకేదీ గిట్టదు. ఇద్దరూ ఎవరి పద్ధతిలో వాళ్లు సబబే. నలిగింది మధ్యలో మిరప తోట.

“అయితే అయిదు నిమిషాల పని, ఖాళీలన్నీ జీరో చేసేస్తాను” అంటూ ప్రభాకర్ అప్పుడే కీబోర్డు మీద చేయి వేశాడు. ఆగవయ్యా అన్నాను. మా లెక్కల్లో సున్నా అంటే కొలిచాం, వాన లేదు అని. ఖాళీ అంటే అసలు కొలవనేలేదని కూడా కావచ్చు. అప్పారావును ఒక్కో ఖాళీ గురించి విడివిడిగా అడుగుతూ వచ్చాను. నిల్, నిల్, నిల్ అంటూ వచ్చినవాడు ఒక రోజు దగ్గర నీళ్లు నమిలాడు. ఆ రోజు మేనకోడలి నిశ్చితార్థానికి హోప్ టౌన్‌లో ఉన్నాడట. సీసా ఎవరూ చూడలేదు. ఆ రోజు సరిగ్గా ఎండల నడిమధ్యలో ఉంది. అది తేలకపోతే వరుసగా రెండు వారాలన్న లెక్క తెగుతుంది, ట్యాంకర్ వెళ్లదు.

“ఒక్క రోజే కదా మేడమ్, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు ప్రభాకర్. నాకూ సున్నా పెట్టేయాలనే ఉంది. కానీ చూడనిదాన్ని చూసినట్టు రాసి సంతకం పెడితే ఇక నా పట్టికలను నేనే నమ్మలేను. కాసేపు ఇద్దరి మీదా విసుక్కున్నాను.

అప్పుడు సీసా సంగతి తట్టింది. సీసా తనంతట తాను ఖాళీ కాదు. నిశ్చితార్థం రోజున వాన పడి ఉంటే ఆ నీళ్లు మర్నాటి దాకా అందులోనే ఉండాలి. మర్నాడు కొలిచావా అని అప్పారావును అడిగాను.

“దిగగానే చూశాను మేడమ్. బిల్‌కుల్ సూఖా, చుక్క లేదు. లోపల ఒక చీమ తిరుగుతోంది” అన్నాడు.

ఆ చీమకు నేను మనసులో దండం పెట్టాను. ఒక రోజు కొలత తప్పితే మర్నాటి కొలతను రెండు రోజులకూ కలిపి వేయడానికి మా నిబంధనల్లో వీలుంది. అలాగే వేయించి, పక్కన రిమార్కు రాయించి, ధ్రువీకరణ మీద సంతకం చేశాను. మర్నాడు ట్యాంకర్ వెళ్లింది. పూత నిలిచిందని సింహాచలమ్మ ఫోన్ చేసింది. ట్యాంకరోడు వంగ సాలు తొక్కేశాడని, దానికి ఎవులికి సెప్పాలని కూడా అడిగింది. అది మా విభాగం కాదని నవ్వుతూ తప్పించుకున్నాను.

తర్వాత ప్రభాకర్‌తో వారం పాటు వాదులాడి పార్సర్‌ను మార్పించాను. ఆఖరి వరుసను ముగించడానికి నొక్కే ఎంటర్ మీటను ఖాళీ వరుసగా లెక్కించకూడదు. అది తప్ప ఖాళీ వరుస ఎక్కడ కనబడినా, చివర్లో అయినా సరే, దాటేయకూడదు, సున్నా చేయకూడదు. ఎన్నో వరుసో చెప్పి ఆగాలి. ఆ సంఖ్యలో ఖాళీలను కూడా లెక్కపెట్టాలి, లేకపోతే వెతికేవాడు వేరే వరుస దగ్గరికి పోతాడు. తేదీకి ఒక గడి పెట్టించాను. ‘నిల్’ను ఒప్పుకోమన్నాను, దానికి మాత్రం ప్రభాకర్ చాలా బాధపడ్డాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. వరుస ఖాళీగా ఉందని పార్సర్ చెప్పగలదు. ఎందుకు ఖాళీగా ఉందో ఆ పొద్దున్న సీసా దగ్గరికి వెళ్లినవాడో, వెళ్లనివాడో చెప్పాలి.