మురికి నీళ్లు లెక్కకు రావన్నాను

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు గుట్ట మీది వర్షమాపకం దగ్గర ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, చౌకీదారు పోచయ్య. ఉన్న వస్తువులు: గరాటు, దాని కింద సీసా, సీసా చుట్టూ రేకు డబ్బా, అర అంగుళం కొలిచే గాజు గ్లాసు, రిజిస్టరు, నా గొడుగు. డబ్బాలో చచ్చిన కప్ప. ఏడేళ్లుగా ఈ జాబితాను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకే మొదటిసారి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఆదిలాబాద్ జిల్లాలో, చెన్నూరు వైపు పారే ఒక వాగు ఎగువన నా ఉద్యోగం. రాత్రి కురిసిన వానను పొద్దున కొలవాలి. గుట్ట మీద నాలుగు అంగుళాలు దాటి కురిస్తే, పొద్దున కొలిచిన మూడు గంటల్లోపే కింద బండ్లు దాటే చోటు మునుగుతుంది. మూడు వానాకాలాలు కొలిచి ఈ లెక్క కట్టింది నేనే. అలా దాటిన రోజు రెండు మైళ్లు నడిచి తపాలా ఆఫీసు నుంచి తంతి ఇస్తే, వాగు దాటే చోట పోలీసులు తాడు కట్టి బండ్లను ఆపేవారు.

సీసా పట్టేది సరిగ్గా నాలుగు అంగుళాలు. పొర్లిన నీళ్లు డబ్బాలోకి దిగుతాయి. వాటినీ కొలిచి కలపాలి. డబ్బాను వారానికోసారి కడగవలసింది నేను. నెలరోజులుగా కడగలేదు.

సీసాలో ఎనిమిది గ్లాసుల నీళ్లు. నిండుగా ఉంది. డబ్బా వైపు వంగాను. కుళ్లు వాసన. ముక్కు మూసుకుని వెనక్కి జరిగాను.

"సార్, డబ్బల గూడ మస్తు నీళ్లున్నయి. కొల్వరా?" అన్నాడు పోచయ్య.

"అవి మురికి నీళ్లు. లెక్కకు రావు. పారబొయ్యి."

"గట్లనా! కప్పకు సర్కారు కానూను ఎర్కలేదు పాపం, అండ్ల దుంకి సచ్చింది." నవ్వుతూ డబ్బా బోర్లించాడు. తర్వాత నవ్వాపి అడిగాడు: "ఇయ్యాల మా చెల్లె బండి మీద అంగడికి పోతున్నది సార్. వాగు దాటచ్చా? ఫికర్ లేదు గద?"

"నాలుగు దాటలేదు పోచయ్యా. వెళ్లనివ్వు."

వాసన వల్లేనా అలా అన్నది? రెండు మైళ్ల బురద వల్లనా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా, రెండు జవాబులూ ఒకేలా కంపు కొడుతున్నాయి.

తాడు కట్టలేదు. పదకొండు గంటల లోపే వాగు పొంగి వచ్చింది. బండిలో ముగ్గురు: పోచయ్య చెల్లెలు మల్లవ్వ, ఆమె భర్త, పొరుగింటి ముసలామె. ముగ్గురూ పోయారు.

విచారణకు వచ్చిన అధికారి రిజిస్టరు చూసి, నా దస్తూరి బాగుందన్నాడు. పోచయ్యను అడగనే లేదు.

నెల తిరగకముందే సీసా మళ్లీ పొర్లింది. నేను చేరేసరికే పోచయ్య డబ్బా బోర్లించి నిలబడ్డాడు. "మురికి నీళ్లు లెక్కకు రావంటిరి గద సార్," అన్నాడు. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి నా అబద్ధాన్ని భక్తిగా పాటిస్తున్నాడు. అప్పుడైనా తప్పని చెప్పానా? చెబితే అతనికి అంతా అర్థమైపోతుంది. ఆ రోజు అంచనా మీద తంతి ఇచ్చాను. మర్నాటి నుంచి అతనికంటే ముందే వెళ్లి, డబ్బా నేనే కొలిచి, తళతళలాడేలా కడిగిపెట్టాను. ఆ శుభ్రతను తలచుకుంటే నామీద నాకు మరింత రోత.

ఇంకొకటి మిగిలింది. ఆ మొదటి రోజు డబ్బా బోర్లించాక, నీళ్లు ఎంతవరకు నిలిచాయో చూపే తడి గీతను దాని లోపల చూశాను. చూశాకే రిజిస్టరు నింపాను. క్షమించమని అడగను. సరైన అంకె ఒక్కసారి రాయాలనిపించింది, అంతే.

రిజిస్టరులో నాలుగు. కురిసింది ఆరు అంగుళాలకు తక్కువ కాదు.