మా అమ్మ ప్రార్థన రాసుకున్న సారు

పోయిన మంగళవారం పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, సారు పోయిండట. నిద్రలనే పోయిండట."

షట్టరు సగంలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. అవతల ఎవరో నర్సు ఆమెను పిలుస్తోంది. "నేను ఈడ చెప్పొస్తా, నువ్వు ముందు నడు" అని పెట్టేసింది. ఎత్తిన షట్టరు మళ్ళీ దించి తాళం వేశాను.

మా క్రైస్తవ సంఘంలో కోస్తా కుటుంబాలవాళ్ళు ఆయన్ని మాస్టారు అనేవాళ్ళు. నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన మావాళ్ళకు ఆయన సారు. రెండు పిలుపులకూ ఒకేలా తిరిగి చూసేవారు. కృష్ణా జిల్లాలో పుట్టి, సైదాబాద్‌లోని ఒక బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యారు. మా ఆరాధన దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక మేడ మీది హాలులో జరుగుతుంది. ఆయన అక్కడ సంఘ పెద్ద.

హాలు వెనక ఒక ఇనుప బీరువా ఉంది. దాన్నిండా సారు పోగుచేసిన పుస్తకాలే. ప్రార్థన గురించి, ఉపవాసం గురించి, రోగుల్ని పరామర్శించడం గురించి, చల్లారిపోయిన సంఘం మళ్ళీ ఎలా వెచ్చబడుతుందన్న దాని గురించి. ప్రతిదానికీ పాత క్యాలెండరు కాగితంతో, తెల్లవైపు పైకి వచ్చేలా అట్ట వేసి, గుండ్రటి అక్షరాలతో పేరు రాసేవారు. పుస్తకం తిరిగి ఇస్తే "ఏం నచ్చలేదు?" అని అడిగేవారు. నచ్చింది చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అది ఎవరైనా చెప్తారు" అనేవారు. మొదట్లో భయపడేదాన్ని. తరవాత నచ్చనివి వెతుక్కుంటూ చదవడం అలవాటైంది. చదవడమంటే ఏమిటో నాకు అలా తెలిసింది.

బస్సు డిపో ఎదురు సందులో నాకు ఒక డీటీపీ కొట్టు ఉంది. పెళ్ళి పత్రికలు, విద్యార్థుల రిపోర్టులు, కిరాయి కాగితాలు టైపు చేస్తాను. ఒకరోజు సారు ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు.

"అమ్మాయ్, మన బీరువాలో ఉన్నవన్నీ ఎక్కడెక్కడి సంఘాల గురించో. మన మెట్లెక్కి వచ్చేవాళ్ళ గురించి ఒకటుంటే బాగుంటుందని రాస్తున్నాను. చిన్నదే."

ఆ చిన్నదానికి ఏడాదిన్నర పట్టింది. ఒక్కో అధ్యాయం తెచ్చేవారు, నేను టైపు చేసి ప్రూఫులు ఇచ్చేదాన్ని. బుగ్గన లవంగం పెట్టుకుని, వరుస కింద స్కేలు జరుపుకుంటూ చదివేవారు. అందులో పెద్ద సిద్ధాంతాలేమీ ఉండేవి కావు. "రోగిని చూడబోతే ముందు కూర్చోండి. నిలబడి చేసే ప్రార్థనలో వెళ్ళిపోయే తొందర వినబడుతుంది" అని ఒకచోట. "కొత్తగా వచ్చినవారిని ఎక్కడి నుంచి వచ్చారని కాదు, ఎక్కడ కూర్చుంటారని అడగండి" అని ఇంకొకచోట.

తన వాక్యాలకు ఆయన ఒక పరీక్ష పెట్టుకున్నారు. "సంఘం, విశ్వాసి, ప్రతి ఒక్కరు, ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా అక్కడ మనకు తెలిసిన ఒక మనిషి పేరు పెట్టి చదువమ్మా. వాక్యం నిలబడితే ఉంచుదాం, పడిపోతే కొట్టేద్దాం" అనేవారు. అలా చాలా వాక్యాలు కొట్టేశారు కూడా.

అప్పటికే తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. బందులు, రాస్తారోకోలు. మెల్లగా అది మా హాలు మెట్లు కూడా ఎక్కింది. ఎవరూ చెప్పలేదు గాని, కోస్తావాళ్ళు కిటికీల వైపూ, మావాళ్ళు తలుపు వైపూ కూర్చోవడం మొదలైంది. ఆరాధన అయ్యాక నిలబడి మాట్లాడుకునేవాళ్ళు తగ్గారు.

ఒక ఆదివారం, ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్ళు ప్రార్థన చేసే సమయంలో అమ్మ లేచింది. ఆమె ఎప్పుడూ ఇంట్లో మాట్లాడినట్టే ప్రార్థన చేస్తుంది.

"తండ్రీ, మా పొలగాండ్లు రోడ్ల మీద ఉన్నరు. ఆళ్ల తలకాయలు పలగకుండ జర జూడు. బస్సులల్ల పోయేటోళ్లకు గూడ ఏం గావద్దు. పోలీసోళ్లు గూడ తల్లుల పిల్లలే గద..."

కిటికీల వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. అమ్మ ఆమెన్ అని కూర్చుంది. ప్రకటనలు చదవడానికి లేచిన సారు చదవబోయేముందు అన్నారు: "దేవుని సన్నిధిలో కాస్త శుద్ధమైన భాష వాడుకుందాం. 'జర జూడు' అనే బదులు 'దయతో చూడుము' అంటే బాగుంటుంది."

కోపంగా అనలేదు. క్లాసులో ఒత్తు దిద్దినంత మెత్తగా అన్నారు. తలుపు వైపు వరసల్లో కుర్చీలు కదిలాయి. అమ్మ తల దించుకుని పైట అంచు సవరించుకుంది.

ఆ వారం నుంచి అమ్మ సంఘంలో నోరు విప్పలేదు. ఇంట్లో కూడా అన్నం ముందు పెదవులు కదిలేవి గాని మాట బయటికి వచ్చేది కాదు. నేను కదిలిస్తే, "నా మాట దేవునికి సమజైతలేదట" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

కొన్ని కుటుంబాలు సంఘానికి రావడం మానేసి హయత్‌నగర్‌లో ఒకరి ఇంట్లో కూడుకోవడం మొదలుపెట్టాయి. అక్కడి వయసు పిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చి, "అమ్మా, నువ్వొచ్చి సంఘం కమిటీ ముందట చెప్పు. మన భాషను ఎట్ల ఎక్కిరిస్తరో తేల్చుకుందాం" అన్నారు.

"నన్ను జెండ జెయ్యకుర్రి నాయినా. నేను దేవునితోని మాట్లాడిన, కమిటీతోని గాదు" అని వాళ్ళకు చాయ్ ఇచ్చి పంపింది.

నాకు మాత్రం సారు మీద కోపం పోలేదు. చేతిలో ఉన్న పని ఎలా వదులుతానని సర్దిచెప్పుకుంటూ ఆయన అధ్యాయాలు టైపు చేస్తూనే ఉన్నాను. కూడికలో ప్రార్థన గురించిన అధ్యాయం వచ్చింది. రెండో పేజీలో ఈ వాక్యం ఉంది: "సంఘంలో ప్రతి ఒక్కరి ప్రార్థనకూ చోటుండాలి."

ప్రూఫుల కోసం వచ్చినప్పుడు ఆ పేజీ ఆయన ముందు పెట్టాను.

"సారూ, ఇక్కడ 'ప్రతి ఒక్కరు' అన్నచోట మా అమ్మ పేరు పెట్టి చదువుండ్రి."

స్కేలు ఆ వరుస కింద పెట్టారు. చదివారు. మళ్ళీ చదివారు. బయట కోచింగ్ పిల్లలు గోలగోలగా పోతున్నారు. ఆయన స్కేలు తీసి జేబులో పెట్టుకుని, కాగితాలు మడుచుకుని, కొట్టు మెట్లు దిగి వెళ్ళిపోయారు. పెద్దాయన్ని అంత మాట అన్నానే అని ఆ రోజంతా పని సాగలేదు.

మూడో రోజు బందు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. మా ఇల్లు ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఉంటుంది. పది దాటింది. అమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర తెంపుతోంది. నేను నీళ్ళు పడుతున్నాను. చూస్తే సందు మలుపులో సారు! దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఆ ఎండలో నడిచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అయ్యో సారూ! గిట్ల నడిచొచ్చిండ్రా? లోపటికి రాండ్రి, కూసోండ్రి" అని అమ్మ లేచింది.

ఆయన కూర్చోలేదు. "అమ్మా, ఆ రోజు నీ ప్రార్థన దిద్దాను. నాకు ఆ అధికారం లేదు. తప్పు చేశాను, క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నారు.

అమ్మ చేతిలోని గోంగూర కాడ అటూ ఇటూ తిప్పింది. పరవాలేదు సారూ అంటుందనుకున్నాను. అనలేదు.

"మీరు దిద్దిండ్రని గాదు సారూ నాకు బాధ. మీరు పంతులు, దిద్దుతరు. నవ్విండ్రు జూడుండ్రి కొందరు, ఆళ్లను మీరు ఏమనలే."

సారు ముఖం మారిపోయింది. అది ఆయనకు తట్టని సంగతని నాకు అర్థమైంది. "నిజమేనమ్మా. అనలేదు" అన్నారు. అప్పుడు కూర్చున్నారు.

అమ్మ గోంగూర పచ్చడి నూరి అన్నం పెట్టింది. తింటూ ఆయన, "రేపు మీ రాష్ట్రం మీకొస్తే నన్ను ఉండనిస్తారా అమ్మా?" అని అడిగారు. హాస్యానికి అన్నట్టే ఉంది గాని, గొంతు పూర్తిగా హాస్యంగా లేదు.

"మీరేడికి పోతరు సారూ? గీడనే ఉండుండ్రి. మా పిల్లలకు చదువు జెప్పేటోళ్లు వద్దా?" అంది అమ్మ మజ్జిగ పోస్తూ.

వెళ్ళడానికి ఆయన లేచినప్పుడు అమ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, సారు ముసలోడు. గింత దూరం నడిచొచ్చిండు. తొవ్వల ఎవ్వలు ఆపకుండ జూడు. ఆపితె మంచిగ మాట్లాడేటోళ్లే ఆపాలె. ఎండ గొడుతున్నది, జర నీడ ఇయ్యి. ఆమెన్."

ఎన్నో వారాల తరవాత ప్రార్థనలో ఆమె గొంతు విన్నాను. సారు కళ్ళు తుడుచుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, "దీన్ని నా పుస్తకంలో రాసుకోనిస్తావా?" అని అడిగారు. అమ్మ సిగ్గుపడి తలూపింది. ఆయన ప్రూఫు కాగితం వెనక రాస్తూ ఒకచోట ఆగారు.

"తొవ్వ అంటే వకు వ వత్తేనా అమ్మా?"

"నాకేమెరుక సారూ, నేను బడికి పోయిన్నా?"

ఇద్దరూ నవ్వారు. ఆ రోజు నా కోపం పోయింది.

తరవాతి ఆదివారం సారు అందరి ముందూ నిలబడ్డారు. ఒక సహోదరి ప్రార్థనను దిద్దడం తన మొదటి తప్పని, నవ్వినవాళ్ళను వారించకపోవడం అంతకంటే పెద్ద తప్పని చెప్పారు. వ్యాఖ్యానం చెయ్యలేదు, బైబిలు వాక్యం ఎత్తి చూపలేదు. కూర్చున్నారు. తోటి పెద్ద ఒకాయనకు అది నచ్చలేదు. సంఘం పరువు తీశారని చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. హయత్‌నగర్ కుటుంబాల్లో కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. రానివాళ్ళ కూడికకు నెలకోసారి సారే బస్సెక్కి వెళ్ళేవారు. ఏం బోధించేవారని అడిగితే, "బోధించను. చాప మీద కూర్చుని వింటాను" అన్నారు. అమ్మ కూడా వెంటనే నోరు విప్పలేదు. దాదాపు రెండు నెలల తరవాత ఒక ఆదివారం తనంతట తానే లేచి నిలబడింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పుస్తకం పోయినేడు అచ్చయింది. ప్రార్థన అధ్యాయాన్ని సారు మొదటి నుంచి మళ్ళీ రాశారు. తాను చేసింది దాచకుండా రాశారు. చివర్లో అమ్మ ప్రార్థన ఉంది. "ఒక్క అక్షరం కూడా సవరించకమ్మా, నేను చెప్పినా సరే" అని నన్ను హెచ్చరించారు. ఇప్పుడు మా గృహ కూడికల్లో దాన్ని వంతులవారీగా పైకి చదువుతారు. కోస్తావాళ్ళ ఇళ్ళల్లో "ఆపితె మంచిగ మాట్లాడేటోళ్లే ఆపాలె" అని చదువుతుంటే వినడం నాకు ఎంతో ఇష్టం.

తెలంగాణ వస్తుందో రాదో ఇంకా తేలలేదు. తనకు రావాలని ఉందో లేదో సారు ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. తాను రాసిన వాక్యానికి తాను నిలబడటం కోసం బందు రోజున నడిచి వచ్చిన మనిషిని నేను చూశాను. అలాంటివారి దగ్గర చదువుకున్నాను. అందుకు దేవునికి స్తోత్రం.

మంగళవారం సాయంత్రం భూస్థాపన జరిగింది. ముందురోజు వాన పడటంతో సమాధుల తోటలో మట్టి ఎర్రగా, బంకగా ఉంది. హయత్‌నగర్‌వాళ్ళు అందరూ వచ్చారు. సారుతో మాట మానేసిన ఆ పెద్ద కూడా వచ్చి, అందరికంటే ఎక్కువసేపు మట్టి తోశారు. ప్రార్థనలయ్యాక చేతులు కడుక్కుందామంటే కుళాయిలో నీళ్ళు రాలేదు. ఒకప్పుడు తేల్చుకుందామని మా ఇంటికొచ్చిన పిల్లల్లో ఒకడు ఎక్కడి నుంచో బిందె తెచ్చాడు. ఆ పెద్దాయన వంగి రెండు చేతులూ చాపారు. పిల్లవాడు బిందె వంచి మెల్లగా నీళ్ళు పోస్తున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆయన వెనక అమ్మ, మట్టి చేతులు ముందుకు పెట్టుకుని తన వంతు కోసం నిలబడింది.