పన్నెండు మగ్గుల స్నానం

మా అమ్మాయికి ఆరేళ్ళు నిండిన నెలలోనే సొంతంగా స్నానం చేయడం నేర్పించేశానని చాలామందికి చెప్పుకున్నాను. ఆఫీసులో చెప్పాను, అపార్ట్‌మెంట్ అమ్మల వాట్సాప్ గ్రూపులో చెప్పాను, అడగని వాళ్ళకి కూడా చెప్పాను. ఇప్పుడు ఆ గొప్పలు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పిల్లలు తమ పనులు తామే చేసుకోవాలన్నది నేను పైకి చెప్పిన కారణం. అసలు కారణం పొద్దున ఏడున్నరకి ఉండే నా ఆఫీసు కాల్. మేముండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. మా ఆయన ఉద్యోగం దేవనహళ్ళి వైపు. ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళాలి కాబట్టి ఆరున్నరకల్లా బయల్దేరతాడు. ఎనిమిదింపావుకి స్కూల్ వ్యాన్ వస్తుంది. మధ్యలో నా కాల్. పిల్ల స్నానానికి పట్టే ఇరవై నిమిషాలు నాకు ఎక్కడా దొరికేవి కావు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇతరులు చేసినదాంట్లో తప్పులు పట్టుకోవడానికే నాకు జీతం. ఆ తెలివితేటలన్నీ తెచ్చి బాత్రూంలో చూపించాను. ఒక చార్ట్ రాసి, లామినేట్ చేయించి, తలుపు లోపలివైపు అంటించాను. ముందు మూడు మగ్గులు. తర్వాత సబ్బు: మెడ, చంకలు, మోకాళ్ళ వెనక, కాలివేళ్ళ సందులు. ఆపైన తొమ్మిది మగ్గులు. మొత్తం పన్నెండు. అప్పటికే మా అపార్ట్‌మెంట్ బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. షవర్ వాడొద్దని అసోసియేషన్ వాళ్ళు రోజుకోసారి మెసేజ్ పెట్టేవారు. అందుకని బకెట్ స్నానమే. నీళ్ళు మాత్రం నేనే కలిపి పెట్టేదాన్ని. కుళాయిల జోలికి పోవద్దని దానికి గట్టిగా చెప్పాను.

మొదటి వారం దగ్గరుండి చేయించాను. రెండో వారం నుంచి తలుపు బయట ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఇంకో చెవి తలుపు వైపు. నీళ్ళు పడిన చప్పుడును బట్టి మగ్గులు లెక్కపెట్టేదాన్ని. పన్నెండు వినబడితే స్నానం పాస్. తొమ్మిదికో పదికో ఆగిపోతే "ఇంకో రెండు!" అని కేకేసేదాన్ని. ఇంత చక్కటి ఉపాయం కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒకరోజు కాల్ అనుకున్నదానికంటే ముందే మొదలైంది. ఆ హడావిడిలో బకెట్‌లో వేడినీళ్ళు పట్టి, చన్నీళ్ళు కలపడం మర్చిపోయాను. నేను నా స్క్రీన్ అందరికీ చూపిస్తూ మాట్లాడుతుంటే లోపల్నుంచి కేక వినిపించింది.

"అమ్మా! కాలుతోంది! అమ్మా!"

నా మైక్ ఆన్‌లోనే ఉంది. అవతల ఎవరో నవ్వారు. "పర్వాలేదు, వెళ్ళి చూసుకుని రండి" అన్నాడు మా మేనేజర్. నిజానికి మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మ్యూట్ చేసి, తలుపు తోసి, దాని మీద విరుచుకుపడ్డాను.

"నేను కాల్‌లో ఉన్నప్పుడు పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పెద్దదానివయ్యావు, ఆ మాత్రం చూసుకోలేవా?"

కుళాయి తిప్పి కాసిని చన్నీళ్ళు బకెట్‌లోకి వదిలాను. ఎక్కడ కాలిందని అడగలేదు. ఒళ్ళు ఎర్రబడిందేమోనని చూడలేదు. తలుపు వేసేసి వచ్చి, అందరికీ సారీ చెప్పి, కాల్ కొనసాగించాను. పిల్ల ఏడవలేదు. అర్థం చేసుకుందనే అనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో పొద్దుటిపూట ఎంత ప్రశాంతంగా గడిచిందో! ఒక్క పిలుపు లేదు. పన్నెండు మగ్గులూ లెక్కగా వినబడేవి. వ్యాన్ ఒక్కరోజూ తప్పలేదు. పౌడర్ డబ్బా మాత్రం ఎందుకో తొందరగా ఖాళీ అవుతుంటే, దానిక్కూడా ఒకసారి కసిరాను. ఆదివారం తల మాత్రం బకెట్ మీదకి వంచి నేనే గబగబా కడిగేసేదాన్ని.

ఇంతలో ఉగాది వచ్చింది. మా అత్తగారు ఇదే ఊళ్ళో ఉన్న కాటన్‌పేట నుంచి నువ్వులనూనె, సున్నిపిండి పట్టుకుని ముందురోజే వచ్చారు. వాళ్ళ కుటుంబం తరాలుగా అక్కడే ఉంది. ఆవిడ తెలుగులో అనంతపురం ఎంత ఉంటుందో కన్నడమూ అంతే ఉంటుంది. ఉగాది పొద్దున ఇంట్లో పిల్లలకి తలకి నూనె పెట్టి, సున్నిపిండితో రుద్ది స్నానం చేయించే పని ఆవిడ ఇంకెవరికీ వదలరు. నేను వంటింట్లో ఒబ్బట్లు కాలుస్తున్నాను. బాత్రూంలోంచి పిలుపు వినిపించింది.

"ఇట్ల రామ్మా ఒకతూరి."

వెళ్ళాను. సున్నిపిండి రుద్దిన చోటల్లా మట్టి నల్లగా నలుగుకి చుట్టుకుని వస్తోంది. వీపు నిండా చెమటకాయలు, వాటి మీద పౌడర్ పేరుకుపోయి ఉంది.

"ఈ బిడ్డ ఒంటికి నీళ్ళు తగిలి ఎన్ని దినాలాయనో చూడప్పా" అన్నారు ఆవిడ. కోపంగా కాదు, నమ్మలేనట్టుగా.

"రోజూ చేస్తుంది అత్తయ్యా. పన్నెండు మగ్గులు. నేను బయటి నుంచి వింటుంటాను" అన్నాను. అంటూండగానే నా గొంతు నాకే పీలగా వినబడింది.

ఆవిడ మగ్గు ఎత్తగానే పిల్ల భుజాలు బిగించి ముడుచుకుపోయింది. "అవ్వా, కాలుతుందా?"

"కాల్దు కన్నా. ముందర కాలు మింద పోస్తా చూడు. వేడి జాస్తి ఉంటే ఈ చన్నీళ్ళ కొళాయి తిప్పుకో. ఇంగ రోంత కలపాల్నా?"

పిల్ల పాదం మీద పడిన నీళ్ళ గురించి కాసేపు ఆలోచించి, "ఇంకొంచెం" అంది. తనే కుళాయి తిప్పింది. అంతే. రెండు నిమిషాలు పట్టింది నేర్పడానికి. కాలివేళ్ళ సందుల దాకా చార్ట్ రాసిన నేను, నీళ్ళు వేడిగా ఉంటే ఏం చేయాలో రాయలేదు. దానికున్న ఒకే ఒక్క దారి నన్ను పిలవడం. ఆ దారి నేనే మూసేశాను.

"మరి రోజూ నీళ్ళేం చేస్తాండావు?" అడిగారు మా అత్తగారు.

"కింద పోస్తా. పన్నెండు. అమ్మ లెక్కపెడుతుంది కదా. టవల్ తడిపి తుడుచుకుంటా. తర్వాత పౌడర్ వేసుకుంటా."

అది అబద్ధం బయటపడిన మొహం కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేసిన పిల్ల మొహం. ఒప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ, నాకు మొదట వచ్చింది కోపమే. అన్ని ట్యాంకర్ నీళ్ళు నేలపాలు చేసిందని. ఆ కోపం వెంటనే పోయింది. దాని వెనక వచ్చినది మాత్రం ఇంకా పోలేదు. అత్తగారు నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆవిడ నా వైపు కూడా చూడకుండా, "పొయ్యి మింద ఒబ్బట్టు మాడతా ఉండాది, పోయి చూసుకోపో" అన్నారు.

పండగ మర్నాడు, కాల్ తొమ్మిదికి మార్చమని ఒక మెయిల్ పెట్టాను. గంటలో సరేనన్నారు. అంతకుముందు నేనెప్పుడూ అడగనే లేదు. చార్ట్ పీకి పారేశాను. రోజూ ఫోన్ వంటింట్లో వదిలేసి, ప్లాస్టిక్ స్టూలు వేసుకుని బాత్రూంలో కూర్చోవడం మొదలుపెట్టాను. పిల్ల పాదం మీద నీళ్ళు పోసుకుని చూసుకునేది, చన్నీళ్ళు కలుపుకునేది, సబ్బు చేతిలోంచి జారితే వెతుక్కునేది. నేను పెదవి విప్పేదాన్ని కాదు. ఇలా కూర్చుంటే చేసిన తప్పు కొంతైనా తీరుతుందనుకున్నాను.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, ఒళ్ళంతా సబ్బు నురగతో నిలబడి అడిగింది.

"అమ్మా, నువ్వు బయట కూర్చుంటావా?"

"ఎందుకమ్మా? నేనేమీ అనట్లేదుగా?"

"అనట్లేదు. కానీ నువ్వుంటే నాకు తొందరగా అయిపోవాలనిపిస్తుంది."

స్టూలు తీసుకుని బయటికొచ్చాను. "ఏం కావాలన్నా పిలువు, నాకు ఏ కాల్ లేదు" అన్నాను తలుపు దగ్గరగా వేస్తూ. "సరే" అంది.

ఇప్పుడు శుభ్రంగా స్నానం చేస్తుంది. మెడ వెనక కూడా. ఆదివారం తల కూడా తనే రుద్దుకుంటోంది. మొన్న ఒళ్ళు తుడుచుకుని వచ్చినప్పుడు చూస్తే కళ్ళు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. కళ్ళల్లోకి షాంపూ పోయిందట. నేను తలుపు బయటే ఉన్నాను. ఒక్క చప్పుడు వినబడలేదు.

"నన్ను పిలవచ్చు కదే" అన్నాను.

"మంట తగ్గేదాకా ఊరికే నిలబడ్డానమ్మా" అంది.